మావ గొంతిచ్చిన పనోడు

మా మావ కాళ్ళు వాచిన సంగతి మొదట కనిపెట్టింది నేనే. మావ అంటే మా అమ్మ తమ్ముడు. అక్కుపల్లి దగ్గర మా జాలరి వాడలో ఆయన ఇల్లు మా ఇంటికి ఎదురే. ఆ పొద్దున్న లుంగీ మోకాళ్ళ దాకా మడిచి, గడప మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. చీలమండల దగ్గర చర్మం బిగుసుకుపోయి నున్నగా మెరుస్తోంది. ఏదో మాటల్లో పెట్టి, వంగి, బొటనవేలితో నొక్కి చూశాను. వేలు తీశాక అక్కడ పడ్డ గుంట అలాగే ఉండిపోయింది.

మా ఉద్దానంలో ఆ గుంటకి అర్థం ఎవరినీ అడగక్కర్లేదు. కిడ్నీలు పాడై మంచం పట్టినవాళ్ళు లేని వీధి మా దగ్గర లేదు. నీళ్ళ వల్లనో, నేల వల్లనో, ఎండలో పని వల్లనో, ఇప్పటికీ ఎవరూ ఖాయంగా చెప్పలేకపోయారు. ముందే తెలిస్తే మందులతో కొన్నాళ్ళు లాగొచ్చు. ముదిరాక తెలిస్తే చేసేదేమీ పెద్దగా ఉండదు.

"మావా, రేపు నాతో రా. రగతం పరీచ్చ సేయిద్దాం" అన్నాను.

మావ లుంగీ కిందకి దించేశాడు. "ఇసకలో నడిసి నడిసి వాసినాయి. ఒగ్గీ."

"రొంత రగతం మావా. ఏటయిపోద్ది?"

"నానివ్వను గుంటా. నువ్వు ఊరందరి కాడికీ యెల్లు. నా కాడికి మాత్రం రాకు."

గుంట అంటే మా వైపు ఆడపిల్ల. ఊరందరి దగ్గరికీ వెళ్ళడమే నా పని. ఆశా కార్యకర్తని నేను. ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, బెదిరించి, జనాన్ని పరీక్షలకి తీసుకెళ్తాను. మొండివాళ్ళు నాకు కొత్త కాదు. కానీ మావ వద్దన్నప్పుడు కోపం రాలేదు, భయం వేసింది. ఎందుకు వద్దంటున్నాడో నాకు తెలుసు. సూది అంటే మా వాడంతా ఇలా హడలిపోవడానికి మూలం ఆయనే మరి.

మా చిన్నప్పుడు గాలి ముదిరి పడవలు ఒడ్డున కట్టేసిన రోజుల్లో పలాస నుంచి టీవీ, వీడియో డెక్కు అద్దెకి తెచ్చేవారు. వలలు దాచే పొడుగాటి పాకలో పెట్టి, తడికల సందుల్లో గోనెసంచులు కుక్కి, పట్టపగలే చీకటి చేసేవారు. చేపల కంపు, చెమట, చంటిపిల్లల ఏడుపు, వీటన్నిటి మధ్య మా సినిమా. మంచి తెలుగు కేసెట్లు కాశీబుగ్గ దాటి వచ్చేవి కావు. ఎవరూ తీసుకోనివి మాకు దక్కేవి. అంటే నలుపు తెలుపు ఇంగ్లీషు దయ్యం సినిమాలు. దయ్యం అంటున్నాను గానీ వాటిలో చాలావాటికి దయ్యమే ఉండదు, డాక్టరు ఉంటాడు. కొండ మీద పాడుపడ్డ బంగళా, గాజు బుడ్లు, పొగలు, తెల్లకోటు వేసుకున్న పిచ్చి డాక్టరు, బల్ల మీద తోలు పట్టీలతో కట్టేసిన మనిషి. ఏ కేసెట్టు వేసినా కథ అదే.

పాకలో ఒక్కరికీ ఇంగ్లీషు రాదు. అందుకని టీవీ పక్కన పీట వేసుకుని మావ కూర్చునేవాడు. శబ్దం పూర్తిగా తగ్గించేసి, తెర మీద ఉన్నవాళ్ళందరి మాటలూ తనే చెప్పేవాడు. ఆయనకి మాత్రం ఇంగ్లీషు వచ్చా ఏమిటి? గుజరాత్ వైపు బోట్లలో పనికి వెళ్ళినప్పుడు దొరికిన సినిమా అల్లా చూసి వచ్చాడు, అదే ఆయన చదువు. ముఖాలు చూసి మాటలు అల్లేసేవాడు. ఆయన అల్లిన మాటలే అసలు మాటలని మేమంతా నమ్మేశాం.

డాక్టరుకి పలాసలో సూదులేసే ఒకాయన గొంతు తెచ్చి పెట్టాడు. చిన్నప్పుడు జ్వరం వచ్చి వెళితే ఆయన వేసిన సూదికి మావ చెయ్యి వాచి, నెల్లాళ్ళు వల లాగలేకపోయాడట. ఆ కసి తీర్చుకున్నాడు కాబోలు. మెత్తగా, పుస్తకం చదివినట్టు ఉండేది ఆ గొంతు. "భయపడకు నాయనా. చీమ కుట్టినట్టుంటుంది, అంతే." ప్రతి సినిమాలోనూ, ప్రతి బల్ల దగ్గరా అదే మాట. అది వినబడగానే ఆడవాళ్ళు చెంగు నోట్లో కుక్కుకునేవారు. ఆ మాట తర్వాత బల్ల మీద మనిషి మనిషిగా మిగలడని అందరికీ తెలుసు.

ఆ బంగళాల్లో చక్కగా, పొడుగ్గా, తెల్లగా ఉండేవాడు డాక్టరు ఒక్కడే. తక్కిన రకాల మనుషులంతా అతనికి చాకిరీ చెయ్యడానికి పుట్టినట్టుండేవారు. గూనివాడు శవాలు మోస్తాడు. మెల్లకన్నువాడు తాళాలు తీస్తాడు. నల్లటివాడు దీపం పట్టుకుంటాడు. ఆడది కెవ్వుమని అరిచి పడిపోతుంది, ఆవిడ పని అక్కడితో సరి. ఇప్పుడు ఇలా చెప్పగలుగుతున్నాను గానీ అప్పుడు ఇవన్నీ ఎవరికి తోచాయి?

ఒకసారి మాత్రం తోచింది. తలపాగా చుట్టిన నల్లటి మనిషి ఒకడు తెర మీదకి వచ్చాడు. అచ్చం మా వాడ మనిషే. పాకంతా లేచి నిలబడింది.

"ఓలమ్మో, మనోడే!"

ఈలలు, చప్పట్లు. ఆ తెల్లవాళ్ళ మధ్యలో మాలాంటివాడు కనబడటం అదే మొదలు. వాడు దీపం పట్టుకుని మెట్లు దిగాడు. అడుగున ఉన్న తలుపు తీశాడు. లోపల్నుంచి ఏదో మీద పడింది. చచ్చిపోయాడు. ఒక్క మాట మాట్లాడలేదు. డాక్టరు వాడి మీంచి దాటుకుని వెళ్ళిపోయాడు. వంగి చూడనైనా లేదు.

"మనోడు అప్పుడే పోనాడేటి?" అన్నారు ఎవరో వెనకనుంచి.

మావకి ఎక్కడలేని కోపం వచ్చింది. కేసెట్టు వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. ఈసారి వాడు మెట్లు దిగినంతసేపూ వాడికి మాటలు పెట్టాడు, మా మాటలు. పెదవులు కదలడం లేదు, మాటలు ఆగడం లేదు. "బాబూ, ఈ తలుపు నువ్వు తియ్యరాదేటి? ఎప్పుడూ నానే తియ్యాలా? నాకూ పెల్లాం పిల్లలున్నారు. లోపలేటుందో రొంత ముందు సెప్పొచ్చు కదా!" పాక గొల్లుమంది. నవ్వి నవ్వి మా అమ్మకి పొలమారింది. అయినా వాడు తలుపు తీశాడు, మళ్ళీ చచ్చిపోయాడు. మావ మాటలు పెట్టగలడు గానీ వాడి చావు ఆపలేడు కదా.

అప్పటినుంచి ఏ సినిమా వేసినా డాక్టరు పనోడికి మా మాటే. బల్ల మీద కట్టేసినవాడికీ మా మాటే. డాక్టరుకి ఒక్కడికే పట్నం మాట. మామూలు తెలుగు సినిమాల్లో మా యాస వినబడితే ఎవరో ఒకరిని నవ్వించడానికే వినబడేది. ఇక్కడ జనాన్ని వణికించడానికి వినబడుతోంది. మాకు అదే గొప్పగా ఉండేది.

మా వీధిలో వలలు బాగుచేసే ఒకాయనకి గూని ఉండేది. తెర మీద గూనివాడు వచ్చినప్పుడల్లా పాకలో తలలన్నీ ఆయన వైపు తిరిగేవి. పిల్లలు పక్కనుంచి జరిగిపోయేవారు. కొన్నాళ్ళకి ఆయన రావడం మానేశాడు. మావ ఇంటికెళ్ళి పిలిచాడు. "నాను రాను బావా. నన్ను సూసి నా మనవలే జడుసుకుంటన్నారు" అన్నాడట ఆయన. ఆ తర్వాత మావ గూనివాడి చేత డాక్టరుని తిట్టించడం మొదలెట్టాడు. మేం పగలబడి నవ్వేవాళ్ళం. ఆయన మాత్రం మళ్ళీ రాలేదు.

నా సంగతి చెప్పాలంటే, నేను డాక్టరుకి పెద్దగా భయపడేదాన్ని కాదు. డాక్టరు ఊళ్ళోకి రాడు. వాడికి మా మాట రాదు. నా భయమల్లా పనోడంటే. వాడు మన మాటే మాట్లాడతాడు, మన తలుపే తడతాడు, పేరు పెట్టి పిలుస్తాడు, మనిషిని వెంటపెట్టుకుని కొండ ఎక్కుతాడు. ఆ వెళ్ళినవాడు తిరిగి రాడు. సినిమా చూసి ఇంటికొచ్చాక ఎవరైనా "ఒలే, ఉన్నావేటి?" అని వాకిట్లోంచి పిలిస్తే, మా చిన్నమ్మ గొంతని తెలిసి కూడా బియ్యం డబ్బా వెనక్కి దూరిపోయేదాన్ని.

పెద్దయ్యాక నాకు ఈ ఉద్యోగం వచ్చింది. రక్తాలు తీసే బృందం మొదటిసారి మా వాడకి వచ్చినప్పుడు బడి దగ్గర షామియానా వేశారు. ఎక్కడో దూరం నుంచి వచ్చిన చిన్న వయసు డాక్టరమ్మ. తెల్లకోటు, కళ్ళద్దాలు, మంచి మాట తీరు. జనం బాగానే వచ్చారు, అందరినీ నేనే పోగుచేశాను. ముందు ఒక పెద్దామె కుర్చీలో కూర్చుంది. డాక్టరమ్మ ఆవిడ చేతికి రబ్బరు పట్టీ కట్టి, సూది తీసి, నవ్వుతూ అంది.

"భయపడకమ్మా. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

వరసలో ఉన్నవాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. తెల్లకోటు, చేతికి పట్టీ, ఆ మెత్తటి గొంతు, ఆ మాట. 'నాయనా' చోట 'అమ్మా' తప్ప ఒక్క అక్షరం తేడా లేదు. "ఓరి నాయనో!" అని ఎవరో అరవడం, వరస చెదిరిపోవడం, కుర్చీలు పడిపోవడం అన్నీ ఒక్కసారే జరిగాయి. పెద్దామె చేతికి రబ్బరు పట్టీతోనే పరిగెత్తింది. దానికోసం తర్వాత నేను వాళ్ళింటికి వెళ్ళాల్సొచ్చింది.

"ఏమైందండీ? నేనేమన్నాను?" అని డాక్టరమ్మ ఏడుపు మొహంతో అడిగింది. ఏం చెప్పను? ప్రతి ఆసుపత్రిలో ప్రతి నర్సూ అనే మాటే అది. మా మావ దాన్ని ఏ గొంతులో, ఏ బల్ల దగ్గర పెట్టాడో చెబితే నమ్ముతుందా? "మా ఊళ్ళో ఆ మాట అనకండి మేడమ్. నొప్పెడుతుందనే చెప్పండి" అన్నాను. ఆవిడ అలాగే చెప్పింది. కొందరు వెనక్కి వచ్చారు.

అంతా సినిమా పిచ్చే అనుకుంటే పొరపాటు. తర్వాత కూడా చాలా బృందాలు వచ్చాయి. రక్తం తీశారు, నీళ్ళు పట్టారు, ఫొటోలు దిగారు, వెళ్ళిపోయారు. కొందరు మళ్ళీ వచ్చి ఎవరికి ఏముందో చెప్పి మందులిచ్చారు. కొందరి జాడే లేదు. "మా రగతం ఎక్కడికి పట్టుకుపోనారే? ఏటి సేత్తన్నారు దాంతో?" అని నన్ను పట్టుకుని అడిగేవారు. నాకేం తెలుసు? తెలియదంటే నమ్మరు. దూరం నుంచి నా సంచి చూసి తలుపులు మూసుకునేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక ఇంటి లోపల్నుంచి "డాట్ర పనోడొచ్చినాడు" అన్న మాట విన్నాను. నవ్వులు కూడా విన్నాను. తలుపు తట్టేదీ నేనే, పేరు పెట్టి పిలిచేదీ నేనే, మా మాట మాట్లాడి వెంటబెట్టుకుని పోయేదీ నేనే.

ఈ మధ్యలో మావ కాళ్ళు వాచాయి.

వారం తిరక్కుండా మొహం కూడా ఉబ్బడం మొదలైంది. పొద్దున్న లేస్తే కళ్ళు సగమే తెరుచుకునేవి. నేను రోజూ వెళ్ళేదాన్ని. మాకు నేర్పిన మాటలన్నీ వరసపెట్టి చెప్పాను. వ్యాధిని తొలిదశలోనే గుర్తించవచ్చని, ఆందోళన చెందనవసరం లేదని, ప్రభుత్వం అన్ని సౌకర్యాలూ కల్పిస్తోందని. మావ అంతా ఓపిగ్గా విన్నాడు. విని, ఆ పాత గొంతు తీశాడు.

"భయపడకు నాయనా. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

ఇన్నేళ్ళ తర్వాత, ఆ ఉబ్బిన మొహంలోంచి అదే గొంతు. "నవ్వులాటగా ఉందేటి నీకు?" అని అరిచాను.

"నవ్వులాట కాదే. నాను ఆడించిన కేసెట్లలో ఆ బల్లెక్కినోడు ఒక్కడైనా దిగి ఇంటికెల్లినాడా? సెప్పు."

"అది సినిమా మావా!"

"సినిమా అని నాకు తెల్దేటి? ఆ మాటలు కట్టింది నానే కదా. నా బుర్రలో పుట్టిన మాట ఆ డాట్రమ్మ నోట్లోంచి ఊడిపడ్డాది. అదొచ్చినాక మిగతాది మాత్రం రాదని ఏటి నమ్మకం?"

మా అత్త, అంటే మావ పెళ్ళాం, పొయ్యి దగ్గర కూర్చుని ముక్కు చీదుకుంటోంది. మావ నావైపు తిరిగి, తిట్టినట్టు కాదు, జాలిగానే అన్నాడు.

"నువ్వా దీపం పట్టుకున్నోడివే గుంటా. నీ తప్పేటి నేదు. తలుపెనకాల ఏటుందో ఆడికీ తెల్దు."

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. నా భయం ఒకటి కాదు, రెండు. తీసుకెళ్ళకపోతే మావ చచ్చిపోతాడు. తీసుకెళ్ళాక కూడా చచ్చిపోతే? నేను పంపినవాళ్ళలో అలా పోయినవాళ్ళు లేకపోలేదు. నా చేత్తో చెయ్యిపట్టి ఆటో ఎక్కించినవాళ్ళు. వాళ్ళ ఇళ్ళ ముందునుంచి నడిచేటప్పుడు ఇప్పటికీ తల దించుకునే పోతాను. ఆసుపత్రి తప్పు కాదది, ఆలస్యం తప్పు. అంత మాత్రం నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

తర్వాత మావ మాట్లాడటం తగ్గించాడు. అది అన్నిటికన్నా హడలగొట్టింది నన్ను. వాడంతా వినబడే గొంతు ఆయనది. పడవ ఇంకా ఒడ్డుకి తగలకముందే ఎన్ని చేపలు పడ్డాయో కేకేసి చెప్పే మనిషి. అలాంటిది మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిన్నది కడుపులో నిలవడం లేదని, నాలుగడుగులు వేస్తే ఆయాసపడుతున్నాడని అత్త పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. "నీకు దండం పెడతాను తల్లీ, ఏదో ఒకటి సెయ్యి" అంది.

సంచి తీసుకోలేదు. ఉద్యోగానికి కట్టుకునే నీలం అంచు చీర కూడా మార్చేసి, ఇంట్లో కట్టుకునే పాతచీరతోనే వెళ్ళాను. మంచం పక్కన కింద కూర్చున్నాను. ఏం చెప్పాలో ఏమీ అనుకోలేదు. నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే అన్నాను.

"నాకు బయమేత్తంది మావా."

మావ ఇటు తిరిగాడు.

"పరీచ్చలో ఏటొత్తాదో నాకు తెల్దు. కిడ్నీలు పోనాయంటారేమో. రగతం కడిగే మిషను కాడ కూకోబెడతారేమో. మందు పనిసేత్తాదో నేదో తెల్దు. నీకేటైనా అయితే నానే పట్టుకుపోయి సంపినానని అత్త నన్ను జన్మంతా తిట్టుకుంటాది. నానూ తిట్టుకుంటాను. అయినా సరే, యెల్లకపోతే మాత్రం నువ్వు బతకవు. అదొక్కటీ తెల్సు నాకు. ఇంకేటీ తెల్దు."

మావ చాలాసేపు నా మొహమే చూశాడు. ఆ సగం తెరుచుకున్న కళ్ళతో దేనికోసం వెతుకుతున్నాడో నాకు అర్థం కాలేదు. నా చేతులు ఒళ్ళో ఆగడం లేదు.

"నిజంగా బయమేత్తందేటి నీకు?"

"ఏత్తంది."

"మరిన్నాల్లూ సెప్పలేదేం?"

"బయపడినట్టు కనబడకూడదని మాకు నేర్పినారు. జనం జడుసుకుంటారంట."

మావ నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. అత్త నీళ్ళిచ్చింది. దగ్గు తగ్గాక మెల్లిగా, ఆయాసపడుతూ అన్నాడు. "ఓసి పిచ్చి గుంటా. ఆ కేసెట్లలో ఊరోల్లందరికీ బయమేస్తాది. ఎయ్యందల్లా డాట్రుకి, ఆడి పనోడికి. నాను ఎన్ని మాటలు పెట్టినా ఆ పనోడి మొకంలో బయం పెట్టనేకపోనాను. నువ్వు సూడు, ఎలగ వణికిపోతన్నావో. నువ్వు ఆల మనిసివి కాదు. మా మనిసివే."

మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు. అత్తని చొక్కా తెమ్మన్నాడు. అది తొడుక్కోవడానికే ఆయనకి చాలాసేపు పట్టింది. గుండీలు నేను పెట్టాను.

పలాస వెళ్ళే ఆటో వీధి చివర ఆగి ఉంది. నేను ఒక పక్క, అత్త ఒక పక్క పట్టుకుని ఎక్కించాం. జీడితోటల మధ్య రోడ్డు మీదకి వచ్చాక మావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"అక్కడ డాట్రు ఏటి సెప్పినా నువ్వే నాకు సెప్పు. ఇందాక సెప్పినట్టే సెప్పు" అన్నాడు.

సరే అన్నాను. ఆయన చెయ్యి నా చేతికన్నా ఎక్కువ వణుకుతోంది.